మాయకూ ఓ లెక్క ఉండాలి: గోదావరి డెల్టా కథతో యానిమేషన్ ఫాంటసీ సిరీస్ రాయడం ఎలా

యానిమేషన్ ఫాంటసీ సిరీస్ రాయాలనుకునేవాళ్లలో చాలామంది ముందుగా శక్తుల చిట్టా రాసుకుంటారు. ఒకరికి నిప్పు, ఒకరికి గాలి, విలన్‌కి అన్నీ. పది ఎపిసోడ్లు నడిచాక చివరి పోరాటం దగ్గర కథ ఆగిపోతుంది. హీరో ఎలా గెలవాలో తోచదు. అప్పుడు ఎవరూ వినని కొత్త మంత్రమో, అటక మీద దొరికిన తాళపత్రమో వచ్చి గండం గట్టెక్కిస్తుంది. చూసే పిల్లలు "ఇదెక్కణ్ణుంచి వచ్చింది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టిందంటే అప్పటిదాకా పడిన కష్టమంతా నీళ్లపాలైనట్టే.

నేను చెప్పేది ఒకటే. మాయకు నియమం పెట్టడం, కథలో ముందు సూచన వేయడం (అంటే రాబోయే మలుపుకు ఆనవాలు ముందే చూపించడం) వేర్వేరు పనులు కావు. నియమాన్ని ఎవరో ఒకరి రోజువారీ పనిలో, ఆటలో, వంటింటి మాటల్లో ముందే చూపించేస్తే అదే ముందు సూచన. దాన్ని పాఠంలా చెబితే మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ ఒక ఊహాసిరీస్‌ను మొదటి నుంచి కట్టుకుంటూ వెళ్దాం. 10 ఎపిసోడ్లు, ఒక్కోటి 22 నిమిషాలు. కథానాయిక పేరు వరం, వయసు 12. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో, ఓ కల్పిత లంకలో తాతతో, మామ్మతో ఉంటుంది. తాత పంటు మీద సరంగు, అంటే మనుషుల్నీ బళ్లనీ పాయ దాటించే పడవను నడిపేవాడు. వరం స్నేహితుడు సత్తిబాబు. వాళ్ల నాన్న కాలువల మీద లస్కరు, అంటే షట్టర్లు ఎత్తి దించే మనిషి. వరం నీటితో మాట్లాడగలదు. ఎక్కడ మాట్లాడగలదు, ఎక్కడ మాట్లాడలేదు అన్నదే కథంతా.

మొదటి అడుగు: ముందు ఆ ఊరి నీటిని చదవండి

డెల్టాలో నీరు ఎలా నడుస్తుందో తెలుసుకోకుండా నీటి మాయ రాయకండి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలు సముద్రాన్ని సమీపించే కొద్దీ పై నుంచి తీపినీరు, కింది నుంచి ఉప్పునీరు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. రోజుకు రెండు పోట్లు (సముద్రపు నీరు పెరగడం), రెండు పాట్లు (తగ్గడం). ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే పోటు వేళ రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది.

ఎండాకాలం పై నుంచి వచ్చే నీరు సన్నబడితే ఉప్పునీరు పాయల్లో ఎగదన్నుతుంది. వానాకాలంలో ఎర్రనీరు, అంటే మట్టి కలిసిన వరదనీరు, దిగిందంటే అంతా తిరగబడుతుంది. వరద ఉప్పును సముద్రంలోకి నెట్టేస్తుంది, పాయ చివరిదాకా తీపినీరే. నవంబరు నాటికి వరద తగ్గి ఉప్పు మళ్లీ పైకి వస్తుంది. తుపాను కాలమూ అదే.

మనిషి చేసిన కట్టడి కూడా ఉంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువల మీద బతకడం నేర్చుకుంది. ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటిది. పొలాల్లోని అదనపు నీటిని తీసుకుపోయే మురుగు కాలువలు పాయలోనో సముద్రంలోనో కలిసే చోట స్లూయిజులు, అంటే షట్టర్లున్న తూములు, ఉంటాయి. పోటు వేళ ఉప్పునీరు చేలవైపు రాకుండా షట్టర్లు దించుతారు, పాటు వేళ నీరు పోవడానికి ఎత్తుతారు.

ఒక ఫాంటసీ ప్రపంచానికి కావలసినవన్నీ ఇందులోనే ఉన్నాయి. తిథి ప్రకారం జరిగే సరిహద్దు ఉంది. నెల మారితే తలకిందులయ్యే బలాబలాలు ఉన్నాయి. ఆ సరిహద్దుకు కాపలాగా ఓ తలుపు ఉంది, ఆ తలుపు తాళం ఓ సామాన్యుడి చేతిలో ఉంది. దీనికోసం డ్రాగన్ల దేశాన్ని అరువు తెచ్చుకోనక్కర్లేదు.

మీ ఊరు డెల్టాలో వేరే చోట ఉంటే అక్కడి నీటిని చదవండి. కోరింగ మడ అడవుల దగ్గర నియమం వేరుగా పుడుతుంది, కడియం తోటల దగ్గర ఇంకోలా పుడుతుంది.

రెండో అడుగు: నియమం ఒక్క వాక్యంలో రాయండి

మన సిరీస్ నియమం: *ఉప్పూ తీపీ కలిసిన నీరే వరం మాట వింటుంది.*

అంతే. పదేళ్ల పిల్ల ఈ వాక్యాన్ని పక్కింటి పిల్లకు చెప్పగలగాలి. చెప్పలేకపోతే నియమం ఇంకా తయారు కాలేదని అర్థం.

ఈ వాక్యానికి మూడు పరీక్షలు పెట్టండి. దీనివల్ల ఎక్కడైనా శక్తి పనిచేయకుండా పోతుందా? పోతుంది: మంచినీటి కాలువలో, బావిలో, వర్షంలో, నడిసముద్రంలో వరం మామూలు పిల్ల. దీన్ని బొమ్మగా గీయగలమా? గీయగలం. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. నది నీరూ సముద్రపు నీరూ రెండు రంగులుగా కనిపించే ఆ గీతే మన మాయకు సరిహద్దు. మూడోది, కథలో శక్తి అవసరం పెరిగే కొద్దీ దొరకడం కష్టమవుతుందా? ఆగస్టు వరదలో ఊరు మునిగేటప్పుడు పాయలో ఉప్పు అన్నదే ఉండదు. సాయం చేయాల్సిన రోజునే వరం చేతులు ఖాళీ. ఈ మూడో పరీక్ష నెగ్గిన నియమం దొరికితే వదలకండి. సగం కథ అదే రాసి పెడుతుంది.

ఒక మాట. నియమం 'ఎందుకు' అలా ఉందో చెప్పాల్సిన పనిలేదు. వరానికి ఈ శక్తి ఎలా వచ్చిందన్న కథ మొదటి సీజన్‌లో అసలు అక్కర్లేదు. ఎక్కడ ఆగుతుందో తెలిస్తే చాలు.

మూడో అడుగు: అంతర్వేది కథ మళ్లీ వినండి

నియమంతో ముడి వేసి నియమంతోనే విప్పడం మనకు పురాణాల్లో ఎప్పటి నుంచో ఉంది. హిరణ్యకశిపుడి వరం అందరికీ తెలిసిందే. మనిషి వల్ల గానీ మృగం వల్ల గానీ, పగలు గానీ రాత్రి గానీ, ఇంటా బయటా, నేల మీదా ఆకాశంలోనూ, ఆయుధంతోనూ చావు లేదు. ఈ పట్టికంతా కథలో ముందే వినిపిస్తారు. అందుకే సంధ్యవేళ గడప మీద, తొడ మీద, గోళ్లతో అన్నప్పుడు ఒక్కో షరతూ మనసులో టిక్కు పడుతుంది. కొత్త శక్తి ఏదీ దిగి రాలేదు. ఉన్న షరతుల మధ్య సందు దొరికింది.

అంతర్వేది స్థలపురాణం ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. రక్తవిలోచనుడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రక్తవిలోచనులు పుట్టుకొస్తారన్నది అతని వరం. నరసింహుడు ఎంత కొడితే శత్రువులు అంత పెరుగుతారు, అంటే బలమే ఇబ్బంది అయింది. మాయాశక్తి నాలుక చాచి నెత్తురు ఇసుకను తాకకుండా పట్టుకున్నాకే అతను చచ్చాడు. ఆ నెత్తురే రక్తకుల్య అనే పాయగా పారిందని చెబుతారు. ఇక్కడ చూడాల్సింది, అతని వరంలోని అసలు మాట 'ఇసుక'. రచయితగా మీరు వెతకాల్సిన మాట అలాంటిది. మీ నియమంలో కూడా అందరూ శక్తి వైపు చూస్తుండగా పక్కన నిశ్శబ్దంగా కూర్చున్న పదం ఒకటి ఉంటుంది. మన నియమంలో అది 'కలిసిన'. ఉప్పూ తీపీ ఎక్కడ కలుస్తాయన్నది ప్రకృతి నిర్ణయించాలని రూలేం లేదు. షట్టరు ఎత్తితే మనిషే కలపగలడు.

చివరి ఎపిసోడ్ అక్కడ ఉంది.

నాలుగో అడుగు: వెల కట్టండి

షట్టరు ఎత్తితే ఏమవుతుంది? మురుగు కాలువలోకి ఉప్పునీరు వస్తుంది, వరం శక్తి ఊళ్లోకి వస్తుంది. చేలలోకి కూడా ఉప్పు వస్తుంది. నవంబరులో సార్వా (వానాకాలపు వరి) పంట కోతకు వచ్చి ఉంటుంది. ఆ పంట పోవడమే కాదు, నేల చౌడు బారుతుంది. మంచినీటితో ఏళ్ల తరబడి కడిగితే గానీ తేరుకోదు.

చాలా సిరీసుల్లో వెల అంటే హీరోకి ముక్కులోంచి నెత్తురు రావడం, స్పృహ తప్పడం. రెండో సీన్‌లో లేచి కూర్చుంటాడు. దాన్ని వెల అనడానికి నాకు మనసొప్పదు. వెల ఇంకొకరు కూడా చెల్లించాలి, తర్వాతి సీజన్‌లోనూ కనబడుతూ ఉండాలి. వరం షట్టరు ఎత్తితే సత్తిబాబు వాళ్ల కౌలు చేను పోతుంది. స్నేహితుడి అన్నం పళ్లెం మీదుగా వచ్చే శక్తి అది. పన్నెండేళ్ల పిల్లకు ఈ నిర్ణయం ఎంత బరువో పిల్లలకు అర్థమవుతుంది, పెద్దలకు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఐదో అడుగు: కథను క్యాలెండరు మీద పరవండి

మొదటి మూడు ఎపిసోడ్లు మే నెల. కాలువలు కట్టేసిన రోజులు, ఉప్పు పాయలో బాగా పైకి ఎక్కి ఉంటుంది, వరం శక్తికి అడ్డూ ఆపూ లేదు. ఇదంతా ఆటలా ఉండాలి. నాలుగూ ఐదూ జూన్, జూలై. కాలువలకు నీళ్లు వదిలారు, నాట్లు మొదలయ్యాయి, వరం మాట వినే చోటు కొంచెం కొంచెంగా సముద్రం వైపు జరుగుతోంది. ఆరూ ఏడూ ఆగస్టు వరద. శక్తి సున్నా. ఎనిమిదో ఎపిసోడ్ దసరా రోజులు, నీరు తేటపడుతోంది, శక్తి తిరిగి వస్తోంది. తొమ్మిదీ పదీ నవంబరు తుపాను, ఉప్పెన.

ఈ అమరికలో ఓ సౌకర్యం ఉంది. శక్తి ఎప్పుడు ఉంటుందో రచయిత ఇష్టాన్ని బట్టి మారదు. నెల చెబితే ప్రేక్షకుడే లెక్క కట్టుకోగలడు. ఐదో ఎపిసోడ్‌లో ఆకాశం మబ్బు పట్టగానే అతనికి టెన్షన్ మొదలవుతుంది.

వరద ఎపిసోడ్లకు డెల్టాలో అందరి నోటా ఉండే అంకెలు వాడుకోండి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులకు మూడు హెచ్చరికలు. పై నుంచి దిగే వార్త ముందు వస్తుంది, నీరు తర్వాత వస్తుంది. ఐదో ఎపిసోడ్ వంటింటి సీన్‌లో వెనకాల టీవీ భద్రాచలం అంకె చెబుతుంటే ముందు భాగంలో వరం, మామ్మ ఆవకాయ అన్నం గురించి పోట్లాడుకోవచ్చు. మామ్మ మాట మధ్యలో ఆపి ఒక్క క్షణం టీవీ వైపు చూస్తే చాలు. వేరే ప్రాంతం పిల్లవాడికి కూడా ఆ అంకె మంచిది కాదని తెలిసిపోతుంది.

1986 ఆగస్టు వరదనీ, 1996 నవంబరు 6 తుపానునీ చూసినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. వాళ్లను అడగండి: ముందుగా ఏం గమనించారు, పశువులు ఏం చేశాయి, గాలి ఏ వైపు నుంచి మళ్లింది. ఆ వివరాలు మీకు బంగారం. కానీ ఆ తేదీలను, ఆ ఊళ్లను తెచ్చి మీ మంత్రాల కథలో పెట్టకండి. అక్కడ మనుషులు పోయారు. వరం వచ్చి ఆపి ఉంటే బాగుండేదనిపించే కథ వాళ్ల ఇళ్లవాళ్ల ముందు వేయలేం. కల్పిత తుపానునే రాయండి.

ఆరో అడుగు: సూచనను పనిలో దాచండి

ఇక్కడ నిదానంగా వెళ్దాం, ఎందుకంటే ఎక్కువ స్క్రిప్టులు ఇక్కడే పల్చబడతాయి.

నియమం నేర్పే మంచి సీన్ మాయ పనిచేయని సీన్. మొదటి ఎపిసోడ్‌లో పంటు రేవుకి చేరుతుంటే వరం నీటితో గుసగుసలాడుతుంది, పంటు మెత్తగా వచ్చి ఆగుతుంది. తాత చూసీ చూడనట్టు ఉంటాడు. ఇది చూసిన సత్తిబాబు ఆమెను వాళ్ల నాన్న కాపలా ఉండే కాలువ గట్టుకి లాక్కెళ్తాడు.

"అక్కడంత చేశావ్ కదా, మా కాలవ దగ్గర చెయ్యి చూద్దాం."

కాలువ అడుగున నిలిచిన నీళ్లలో వరం చెయ్యి ముంచుతుంది. ఏమీ కాదు. ఇంకోసారి ముంచుతుంది. ఓ కప్ప గెంతి పోతుంది.

"మీ కాలవ నీళ్లకి చెవుడ్రా!"

ఇద్దరూ నవ్వుకుంటారు, సీన్ అయిపోయింది. నియమం ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలిసింది. షట్టరు కూడా ఫ్రేములో ఉంది, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. సరిగ్గా ఇదే సీన్‌ను ఓ ముసలి గురువు చేత "బిడ్డా, నీ శక్తి కలిసిన నీటిలోనే" అని చెప్పించి చూడండి. ప్రేక్షకుడు వింటాడు, మరిచిపోతాడు.

ఇప్పుడు పులస. సముద్రంలో ఉన్నప్పుడు మామూలు చేపే. వానాకాలంలో ఎర్రనీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాక దాని రుచే మారిపోతుందని, అందుకే పులస అయిందని మనవాళ్లు చెప్పుకుంటారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత తెలియని ఇల్లు ఇక్కడ లేదు. పులస వచ్చే కాలమూ, వరం శక్తి పోయే కాలమూ ఒకటే! మూడో ఎపిసోడ్‌లో, ఎండాకాలంలో, మామ్మ మామిడికాయ వేసి ఏదో మామూలు చేప వండుతూ అంటుంది: "ఇదేం పులుసే అమ్మలూ, పులస రానీ చెబుతాను. అదొచ్చిందంటే నీ నీళ్లు కూడా నోరు మూసుకుని పడుకుంటాయి." వరం మనసు పులుసు మీద ఉంటుంది. ప్రేక్షకుడి మనసూ పులుసు మీదే ఉంటుంది. ఐదో ఎపిసోడ్‌లో రేవులో తొలి పులస పడుతుంది, ఊరంతా ధర గురించి కేకలు. అందరూ సంబరపడుతున్న ఆ సీన్‌లో మూడో ఎపిసోడ్‌ని శ్రద్ధగా విన్న పిల్లకు మాత్రం గుండె గుభేలుమంటుంది. ఆరో ఎపిసోడ్‌లో నడి పాయలో పంటు ఇంజను ఆగినప్పుడు వరం చెయ్యి ముంచితే నీరు పలకదు.

ఒక సూచనను కనీసం మూడుసార్లు, మూడు రకాలుగా వేయండి. ఒకసారి కంటికి, ఒకసారి చెవికి, ఒకసారి ఎవరో ఒకరి చేతికి. తాత చౌడు చెక్క, అంటే ఉప్పుబారి పంట పండని చిన్న మడి, ఉదాహరణగా తీసుకోండి. మొదటి ఎపిసోడ్‌లో కోత అయిపోయిన చేల మధ్య తెల్లగా ఓ చిన్న మడి, నేపథ్యంలో మాత్రమే. నాలుగో ఎపిసోడ్‌లో నాట్లప్పుడు సత్తిబాబు అడుగుతాడు: "తాతా, మీ చెక్కలో ఏమీ వెయ్యరేంటి?" తాత బదులు చెప్పకుండా "పంటుకి టైమైంది, పదండి" అంటాడు. ఏడో ఎపిసోడ్‌లో వరద తీస్తుంటే అందరూ చేలలోంచి నీళ్లు బయటికి తోడుతుండగా తాత ఒక్కడూ ఆ మడిలోకి నీళ్లు మళ్లిస్తుంటాడు. ఎందుకో చెప్పడు. ఒక పాత తుపానులో తాత కూడా షట్టరు ఎత్తాడన్నది పదో ఎపిసోడ్‌లో తెలిసేసరికి, ఆ మూడు బొమ్మలూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. తాతకీ ఆ శక్తి ఉండేదని ఎవరూ పలకనక్కర్లేదు.

రెండు సూచనలు పక్కపక్కన పెట్టకండి. ఒకే ఎపిసోడ్‌లో చౌడు, షట్టరు, పులస మూడూ ప్రత్యేకంగా చూపిస్తే రచయిత చెయ్యి కనబడిపోతుంది. ఇంకో సంగతి: సూచన ఉన్న సీన్‌కి దాని సొంత పని ఉండాలి. పులస సీన్ ముందుగా ఓ మామ్మ, మనవరాలి సీన్. సూచన తీసేసినా ఆ సీన్ నిలబడాలి.

ఏడో అడుగు: బొమ్మే సూచన చేస్తుంది, జాగ్రత్త

యానిమేషన్‌లో పొరపాటున ఫ్రేములోకి వచ్చే వస్తువు ఉండదు. ప్రతిదీ ఎవరో కూర్చుని గీశారు. ఆ సంగతి ప్రేక్షకుడికి తెలియకుండానే తెలుసు. పాత సెల్ యానిమేషన్ రోజుల్లో కదలబోయే రాయిని సెల్ (పారదర్శకమైన షీటు) మీద చదునైన రంగుతో వేసేవారు, మిగతా రాళ్లు నేపథ్యంలో నీడలతో పెయింటింగ్‌గా ఉండేవి. పిల్లలు 'ఆ రాయే పడుతుంది' అని ముందే పట్టేసేవారు. ఇప్పుడు కంప్యూటర్లో లేయర్లు వేరైనా అదే జరుగుతుంది. కాబట్టి షట్టరు కదలాల్సిన ఎపిసోడ్ దాకా దాన్ని నేపథ్యం ఆర్టిస్టు చేతే, అదే బ్రష్షుతో, అదే బూజు రంగుతో వేయించండి. తాత మడి కూడా అంతే.

రంగులతో నియమం నేర్పండి. కలర్ స్క్రిప్టులో, అంటే ఏ సీన్‌కి ఏ రంగులో నిర్ణయించే బొమ్మల వరసలో, కలిసిన నీటికి పచ్చ తిరిగిన నీలం, తీపినీటికి మట్టిరంగు, వరదకు ఎరుపు. మొదటి ఐదు ఎపిసోడ్లలో ఈ పద్ధతి ఒక్కసారి కూడా తప్పకండి. అప్పుడు ఆరో ఎపిసోడ్ మొదటి షాట్‌లో పాయంతా ఎర్రగా కనబడితే డైలాగు అవసరం రాదు.

శబ్దానికీ ఒక గుర్తు ఇవ్వండి, ఒక్కటే. వరం మాట వినేటప్పుడు నీటి చప్పుడు అర క్షణం ఆగాలి. చివర్లో కాలువలో ఆ చప్పుడు ఆగగానే థియేటర్లోనో ఫోన్లోనో చూస్తున్నవాళ్లు వరం కంటే ముందే తెలుసుకుంటారు.

ఎనిమిదో అడుగు: నియమాల పుస్తకం, పరీక్ష

ఓ నోటు పుస్తకం పెట్టుకోండి. ఎడమ పేజీలో ప్రతి ఎపిసోడ్‌లో శక్తి వాడిన చోటు, నెల, తిథి, పోటా పాటా అన్నది రాయండి. కుడి పేజీలో ఆ ఎపిసోడ్‌లో వేసిన సూచన, అది తీరే ఎపిసోడ్. తీరని సూచన ఉంటే కొట్టేయండి, సూచన లేని మలుపు ఉంటే వెనక్కి వెళ్లి వేయండి. టీమ్‌లో నలుగురు రాస్తుంటే ఈ పుస్తకం ఇంకా ముఖ్యం. ఒకరు తిథి చూసుకోకుండా అష్టమి రోజున పెద్ద పోటు రాసేస్తారు, డెల్టా పిల్లలు అది పట్టేస్తారు.

యానిమాటిక్, అంటే స్టోరీబోర్డు బొమ్మలను శబ్దంతో వరసగా చూపే కచ్చా వీడియో, తయారయ్యాక తొమ్మిదో ఎపిసోడ్ దాకా కొందరు పిల్లలకు చూపించి ఆపేయండి. "వరం ఇప్పుడేం చెయ్యొచ్చు?" అని అడగండి. ఎవరికీ ఏమీ తోచకపోతే సూచనలు చాలలేదు. అందరూ ఒక్క గొంతుతో "షట్టరు ఎత్తుతుంది" అంటే ఎక్కువయ్యాయి. కొందరు షట్టరు అని, కొందరు "అమ్మో, ఎత్తితే సత్తిబాబు వాళ్ల చేను?" అని వాదించుకుంటే స్క్రిప్టు సిద్ధమైనట్టే. డెల్టా బయటి పిల్లలు కూడా అందులో ఉండేలా చూడండి. పోటు, పాటు తెలియని వాళ్లకు మొదటి మూడు ఎపిసోడ్లు సరిపోయాయా లేదా వాళ్లే చెప్పగలరు.

తొమ్మిదో అడుగు: ముడి విప్పడం

2005 నుంచి 2008 దాకా వచ్చిన 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' సిరీస్‌లో ఈ విషయానికి మంచి నమూనా, చర్చించదగ్గ నమూనా రెండూ ఉన్నాయి. నీటిని ఆడించే విద్య చంద్రుడితో ముడిపడి ఉందని మొదటి సీజన్ చివర్లో తేలుతుంది. ఆ నియమం నుంచే మూడో సీజన్‌లో పౌర్ణమి రాత్రి మనిషి ఒంట్లోని నీటిని ఆడించే భయంకరమైన విద్య పుడుతుంది. కొత్త శక్తి రాలేదు, పాత నియమం చీకటి వైపు తిరిగింది. అందుకే అంత వణికిస్తుంది. అదే సిరీస్ చివరి పోరులో ప్రత్యర్థి శక్తిని తీసేసే విద్య మాత్రం ముగింపు దగ్గరే చేతికందుతుంది. చాలామంది అభిమానులకు అది అరువు తెచ్చిన పరిష్కారంలా అనిపించింది. అంత గొప్ప సిరీస్‌లోనే తేడా కనబడినప్పుడు మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మన పదో ఎపిసోడ్‌కి వద్దాం. ఉప్పెన గట్టు అవతల దాకా వచ్చింది. గట్టు లోపల బడి కప్పు మీద పిల్లలు, చుట్టూ వాన నీరు. వాన నీరు తీపిది, వినదు. వరం స్లూయిజు దగ్గరికి పరిగెడుతుంది. తాళం సత్తిబాబు వాళ్ల నాన్న దగ్గర ఉంది. ఇక్కడ పోరాటం, మెరుపులు వద్దు. లస్కరు తన చేను వైపు ఒకసారి చూసి, తాళం కొడుకు చేతికి ఇస్తాడు. సత్తిబాబు చక్రం తిప్పుతాడు. నిర్ణయం వరం ఒక్కదానిది కాకపోవడమే దీని బలం. వెల చెల్లించేవాడే తలుపు తెరిచాడు. ఉప్పు లోపలికి వస్తుంది, చప్పుడు అర క్షణం ఆగుతుంది. వరం ఏం చేస్తుందో చూపించడానికి రెండు నిమిషాలు చాలు, ఎందుకంటే ప్రేక్షకుడికి అప్పటికే అంతా తెలుసు.

ఈ సీన్‌లో ఒక్క కొత్త సమాచారం కూడా ఇవ్వకండి. తాత గతం కూడా ఇక్కడ చెప్పకండి. తుపాను వెలిశాక, మరుసటి రోజు చేలో తెల్లటి పొర చూసి సత్తిబాబు నిలబడిపోయినప్పుడు తాత వచ్చి తన మడి ఎలా కడుగుతున్నాడో చూపిస్తాడు. "మీ చేను కూడా కడుగుదాంరా అబ్బాయ్. మా దాని కంటే తొందరగానే వస్తుందిలే." మూడు సూచనలూ అక్కడ తీరుతాయి.

రెండో సీజన్ గురించి కొంచెం

రెండో సీజన్‌కి కొత్త శక్తి ఇవ్వమని అందరూ అడుగుతారు. ఇవ్వకండి. ఉన్న నియమంలో ఇంకా తెరవని మాట వెతకండి. 'వింటుంది' అన్న మాట మిగిలే ఉంది: నీరు వినడమే కాకుండా తిరిగి ఏమైనా చెబుతుందా? చెబితే ఎవరి మాట చెబుతుంది? ఆ ప్రశ్న అడగాలనుకుంటే దాని తొలి గుర్తు మొదటి సీజన్‌లోనే, ఎనిమిదో ఎపిసోడ్ దసరా సీన్‌లో, ఎవరూ పట్టించుకోని చోట ఇప్పుడే గీయించండి. యానిమాటిక్ ఖరారయ్యే లోపు ఆ పని అయిపోవాలి. ఆ తర్వాత ఒక్క షాట్ మార్చాలన్నా స్టోరీబోర్డు నుంచి రంగుల దాకా మళ్లీ చేయాల్సి వస్తుంది.